రమణ తువ్వాలు

సుభాని కూర్చున్న బల్ల మీదే, కాస్త ఎడంగా, కానిస్టేబుల్ రమణ కూర్చున్నాడు. లోపల విచారణకు వచ్చిన మేడం నూరున్నీసాను అడుగుతున్నారు. ఆమె కొడుకు అల్తాఫ్ పోయి పదకొండు రోజులైంది.

మోటారు దొంగతనమని తన బిడ్డను స్టేషన్‌కు పట్టుకుపోయి కొట్టారని ఆమె అర్జీ. అసలు స్టేషన్‌కు తీసుకురానేలేదు, బండి మీంచి పడ్డాడని ఎస్సై. స్టేషన్ కాగితాల్లోనూ ఎక్కడా అతని పేరు లేదు. తెల్లవారుజామున అతన్ని ఆటోలో వాళ్ల సందు మొదట్లో దింపి వచ్చింది మాత్రం రమణే. తల నుంచి నెత్తురు ఆగకపోతే చూడలేక తన తువ్వాలు కట్టాడు. “గట్టిగా కట్టొద్దన్నా” అన్నాడు అల్తాఫ్. పొద్దెక్కేసరికి పోయాడు, మధ్యాహ్నానికల్లా పూడ్చేశారు.

స్టేషన్లో అందరి గుడ్డలూ ఒకే మూటలో చాకలికి పోతాయి. అందుకని ఆ తువ్వాలు అంచున చెరగని సిరాతో రమణ నంబరు రాసి ఉంది. ఆ రోజు నుంచి ఇంట్లో దండెం మీద ఏ తువ్వాలు చూసినా అతనికి తడిగానే కనిపిస్తోంది. భార్య అన్నీ తీసి పెట్టెలో పెట్టేసింది.

సుభాని పరుపులు కుడతాడు. తమవాళ్లలో మగవాళ్లెవరు పోయినా ఒంటిమీది బట్టలు తీసి, నీళ్లు పోసి కడిగి, తెల్లగుడ్డ చుట్టేదీ అతనే. దెబ్బలున్నాయని అతనంటే సమాధి తవ్వి శవాన్ని బయటికి తీసి చూస్తారు. లేవంటే ఇక్కడితో సరి.

“మామా, ఆ పొద్దు బట్టలేం చేసినావు?” రమణ అడిగాడు.

“నా దగ్గరేం లేవు అల్లుడా.”

“తలకు కట్టిన గుడ్డ?”

సుభాని అతని వైపు తిరిగాడు. “అదీ లేదు. తలకు గుడ్డ ఉండిందని నీకెవరు చెప్పినారు?”

అంతలో నూరున్నీసా బయటికొచ్చింది. దాటిపోతూ సుభాని ముందు ఆగి, “అల్లా చూస్తాండాడు భాయ్” అని మాత్రం అంది.

సుభానిని లోపలికి పిలిచారు. రమణ తలుపు దగ్గర నిలబడ్డాడు.

“కడిగేటప్పుడు దెబ్బలేమైనా చూశారా?” మేడం అడిగారు.

“కడిగేటప్పుడు నేనేం చూడలేదు మేడం.”

గుమాస్తా రాసుకున్నాడు. బయట నూరున్నీసా గోడకానుకుని అట్లే కిందికి జారి కూర్చుంది. పదకొండు రోజుల తర్వాత రమణకు ఊపిరి కడుపు దాకా అందింది. ఇంటికి పోయి దండెం మీద ఒక తువ్వాలు తానే ఆరేయాలనుకున్నాడు.

సంతకానికి కాగితం జరుపుతూ మేడం మామూలుగా అడిగారు. “కడిగింది మీరే కదా?”

సుభాని పెన్ను అందుకోలేదు. తల తిప్పి తలుపు వైపు చూశాడు.

“అన్యాయంగా చంపినోళ్లను మేం కడగం అల్లుడా, ఒంటిమీద ఉన్నవాటితోనే పూడుస్తాం.”