పక్కచోటు

"ఎవులు బాబూ నువ్వు? లెగు లెగు! అది నా సోటు!"

రాహేలమ్మ కేకకు ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. నర్సీపట్నం శివార్లలో, మిషను దొరల కాలం నుంచీ ఉన్న సమాధుల తోట. క్రైస్తవ నేతగాళ్ళు, కమ్మరులు, వడ్రంగులు పోతే అక్కడే పెడతారు. సమాధి మీద పేరుండదు. సున్నంతో మలిచిన పనిముట్టు ఉంటుంది. నేతగాడికి నాడె, కమ్మరికి సుత్తి.

గుర్తు లేని నేల ఖాళీ నేల. అలాంటిది మిగిలింది ఒక్కటే, రాహేలమ్మ భర్త పక్కన.

"నేను పోతే ఇక్కడ పెట్టమని అడగడానికొచ్చానమ్మా."

"బాగుంది! బస్సులో సీటుకి తువ్వాలేసినట్టు కూకుంటే అయిపోద్దేటి? ఏ పనోడివి?"

"కమ్మరిని. ఈ ఊరొదిలి శానా కాలమైంది."

"మరి ఇప్పుడున్న ఊరోళ్ళనే అడుగు."

ఆయన అరచేత్తో నేలను నిమిరాడు.

"ఇది కాళీ కాదమ్మా..."

"నేనూ అదే సెప్తన్నాను! ఇది నాదని అందరికీ తెలుసు."

అంతలోనే ఆమె మొగుడి సమాధి మీది నాడెను తడిమింది.

"పిల్లల్నేనిదాన్ని బాబూ. ఆ మడిసి మగ్గం పక్కనే కూకుని బతుకంతా కండెలు సుట్టాను. పోయాకైనా పక్కనుండనీ. నాకింకేటుంది?"

ముసలాయన ఆమె వంక చూశాడు. చాలాసేపు నేలవంక చూశాడు.

"అలాగేనమ్మా. నువ్వే ఉండు."

కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే ఆయన కోటవురట్లలో పోయాడనీ, అక్కడే ఏటిగట్టున పూడ్చేశారనీ తెలిసింది.

ఇంకెవరొచ్చి అడుగుతారోనని రాహేలమ్మకు బెంగ పట్టుకుంది. బతికుండగానే గుంట తవ్వించి, ఇటుక కట్టించేద్దామని మత్స్యలింగాన్ని కూలికి పిలిచింది.

నడుములోతులో అతని గునపం ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడెవులో ఉన్నారు!"

ఎముకలు. వాటి చుట్టూ పచ్చగాజులు.

రాహేలమ్మ పరుగున పోయి, సంఘంలోకెల్లా పెద్దదైన దానమ్మను తీసుకొచ్చింది. గాజులు చూడగానే దానమ్మ పోల్చుకుంది.

"ఈ గాజులు ఆ కొండోళ్ళ పిల్లవే. బాప్తిస్మం కాకుండానే పురిట్లో పోయింది. మగోళ్ళే సడీసప్పుడు నేకుండా పెట్టేశారు. ఎక్కడో మా ఆడోళ్ళకి సెప్పనేదు. గుర్తు పెట్టనిమ్మని ఆడు కాళ్ళట్టుకున్నా పెద్దలు ఒప్పుకోనేదు."

"అమ్మా, తవ్వనా, పూడ్సనా?" గుంటలోంచి అడిగాడు మత్స్యలింగం.

రాహేలమ్మ దానమ్మ వైపు తిరిగింది.

"ఆడంటే ఎవులత్తా?"

"దీని మొగుడే. మొన్న కోటవురట్లలో పోయిన కమ్మరి."