పోలిక కోసం ఒక వీధి

పెద్దావిడ సరాసరి సర్వే ఆఫీసు గదిలోకొచ్చి, గోడవారగా పేర్చిన అట్టపెట్టెల్లో ఒకదాని మీద కూర్చుంది.

“వీటిల్లో ఏమున్నాయి, మేడమ్‌గారూ?”

సమాజశాస్త్ర పరిశోధకురాలు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. “ఫిల్టర్లు.”

“ఎవరివి?”

“మీ వీధివే. సర్వే అయ్యాక బిగిస్తాం.”

“అయ్యాకా! అప్పటికి తాగేవాళ్ళుండాలిగా.”

పక్క బల్ల దగ్గర లెక్కలాయన కంప్యూటర్ మీంచి చేతులు తీశాడు. ఆయన ఈమధ్యే ఈ పనిలో చేరాడు. సర్వే జరిగే వీధుల అంకెలు చూశాడు గానీ వీధులు ఇంకా చూడలేదు. కంగారుగా లేచి, గ్లాసుతో మంచినీళ్ళు ఇవ్వబోయాడు.

“వద్దు నాయనా. ఫిల్టరు నీళ్ళు తాగితే నా అలవాటు మారిపోతుంది. మీ సర్వే చెడిపోతుంది.”

గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయనే తాగేశాడు.

సర్వే సంగతి చిన్నదే. ఒకే గొట్టం నీళ్ళు తాగే రెండు వీధులు. రెండింట్లోనూ ఒకే రకం ఇళ్ళు, ఒకే రకం జీతాలు, పిల్లలకు ఒకే రకం వాంతులు, విరేచనాలు. ఏ వీధికి ఫిల్టర్లో చీటీలు తీసి తేల్చి, పై వీధిలో ఇంటింటికీ పెట్టారు. కింది వీధిని పోలిక కోసం ఉన్నదున్నట్టు వదిలేశారు. పై వీధి పిల్లలు కోలుకుని, కింది వీధి పిల్లలు మంచానపడితే, తప్పు గొట్టానిదని తేలిపోతుంది.

“గొట్టాల్లో ఏ లోపమూ లేదు. ఆ జనానికే శుభ్రత లేదు,” అని నీటి సరఫరా ఇంజినీరు నిండు సభలో అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు పరిశోధకురాలి చెవిలో పురుగులా దూరి అక్కడే ఉండిపోయింది. సర్వే పుట్టింది అందులోంచే.

“మా మనవరాలు మళ్ళీ మంచానపడింది,” అంది పెద్దావిడ. “కళ్ళు గుంటలు పడ్డాయి. నీళ్ళు మార్చమన్నాడు డాక్టరు. ఒక్క పెట్టె ఇయ్యి, పోతాను.”

“ఇవ్వలేను.”

“పోనీ, కాచుకుని తాగండని వీధిలో ఒక్క మాట చెప్పచ్చుగా?”

“చెప్పకూడదు. చెప్తే మీరు మారతారు. మారితే ఆ ఇంజినీరే గెలుస్తాడు.”

“వాడి మూతి పగలగొట్టడానికి నీకు మా పిల్లలే దొరికారా? చీపురు దొరకలేదా?”

“ఇది రుజువైతే ఊరంతా గొట్టాలు మార్చక తప్పదు.”

“బాగుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా పిల్లల ప్రాణాలు పెట్టి ఊరందరికీ న్యాయం చేస్తావన్నమాట!”

పరిశోధకురాలు విసురుగా లేచింది. కుర్చీ వెనక్కి పోయి గోడకు కొట్టుకుంది.

“కోపం మీ ఒక్కరికే ఉందనుకుంటున్నారా? మన ఏడుపు వాళ్ళకు వినపడదు. ఏడిస్తే నాటకం అంటారు. అరిస్తే రౌడీలంటారు. వాళ్ళకు అంకెలే వినపడతాయి. నేను అంకెలే ఇస్తాను.”

ఇంజినీరు మీద పుట్టిన కోపం అది. ఇన్నాళ్ళూ అతని దాకా వెళ్ళే దారి లేక ఆమెలోనే తిరుగుతోంది. ఇవాళ ఎదురుగా ఉన్న మనిషి మీద పడింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం ఆగలేదు.

లెక్కలాయన దగ్గరికొచ్చి గొణిగాడు. “మేడమ్, ఒక్క ఇల్లే కదా. ఇచ్చేద్దాం. ఎవరికీ తెలీదు.”

“పక్కింటివాళ్ళు వచ్చి, వాళ్ళకిచ్చి మాకెందుకివ్వలేదని అడిగితే? ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పమంటారు నన్ను?”

ఆయన పెద్దావిడ వైపు తిరిగాడు. “పాప దగ్గర ఎవరున్నారమ్మా? వాళ్ళమ్మ ఉందా?”

“పక్కింటామె ఉంది. వాళ్ళమ్మ ఉద్యోగానికి పోయింది. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. నిప్పులాంటి మనిషని అందరూ మెచ్చుకుంటారు.” ఆవిడ అరచేత్తో మొహం తుడుచుకుంది. “ఆ నిప్పు మీద గుక్కెడు నీళ్ళు కాగవు. అదే మా ఖర్మ.”

పరిశోధకురాలు కిటికీ వైపు తిరిగింది. అవతల చూడ్డానికేమీ లేదు, ఎదురు భవనం గోడ తప్ప.

“చీటీలు తీసింది నువ్వే కదా,” అంది పెద్దావిడ. “అప్పుడు చెయ్యి వణకలేదూ?”

“వణికింది. అప్పుడే చీటీ మార్చలేదు. ఇప్పుడెలా మారుస్తాను?”

పెద్దావిడ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. “సరే. ఇవాళ్టి నుంచీ మా ఇంట్లో నీళ్ళు కాస్తాను. గ్యాస్ అయిపోతే కుర్చీలు విరగ్గొట్టి కాస్తాను. రాసుకో.”

“అయితే మీ ఇంటిని లెక్కలోంచి కొట్టేయాల్సి వస్తుంది.”

“కొట్టెయ్. మేం ఎప్పుడు ఎవరి లెక్కలో ఉన్నాం గనక!”

లెక్కలాయన వెళ్ళి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

తలుపు దగ్గర ఆగి, పెద్దావిడ మొదటిసారి గొంతు తగ్గించి పరిశోధకురాలితో అంది: “ఇవాళైనా కాస్త పెందరాళే ఇంటికి రా, నీ కూతురు జ్వరంలో నిన్నే కలవరిస్తోంది.”