ఆదివారం గోమెసి

"ఇదేంటత్తా, ఈ చింకి గౌను? చర్చికి కట్టుకెళ్ళే మంచి గోమెసి కట్టుకు రమ్మన్నానుగా!" ఫోన్ దించి విసుక్కున్నాడు ఒకిరియా. కంపాలాలో చదువుకొచ్చి, ఊరి నీళ్ళ బాధ ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టి, దాతల చేత ఈ బోరింగు వేయించింది అతనే. ఇప్పుడు వాళ్ళకు నవ్వుతున్న ముఖాలు కావాలట.

"గోమెసి చూస్తే ఎవరూ నీళ్ళివ్వరని, అప్పుడు నువ్వేగా మార్పించి ఇది తొడిగించావు?" అంది అసెకెన్యే.

"అది ఆ ఒక్క ఫోటో కోసం అత్తా!"

"ఏమోరా. చర్చి దగ్గర అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఎవరైనా గోమెసిలో ఫోటో తీసి పెడితే బోరింగు పీక్కుపోతారని, ఆదివారాలు కూడా ఇదే తొడుక్కుంటున్నా."

ఒకిరియా ఫోన్ జేబులో పెట్టేశాడు.

అసెకెన్యే గొంతు తగ్గించింది. "పోనీ, ఈస్టరు ఒక్కరోజు గోమెసి కట్టుకోనా, నాయనా?"