తరుగు దోషం

“జేబులు గుంజు. తల గూడ దులుపు,” అన్నాడు వెంకటనర్సయ్య.

పనివాడు ప్రకాశ్ తెల్ల కాగితం మీదికి వంగి తల దులిపాడు. చుండ్రు రాలింది.

“బంగారమేది?”

“నాకేమెరుక సేటూ? పొద్దుగాల సంది మీ ముంగటనే ఉన్న.”

జనగామలోని కంసాలి దుకాణాల్లో ఊడ్చిన దుమ్ము కొని, ఆమ్లంలో కరిగించి, బంగారాన్ని పొడిగా రాబట్టడం వెంకటనర్సయ్య వ్యాపారం. ఈ ఏడాది ప్రతిసారీ రావలసిన దానికంటే తక్కువే వస్తోంది. హైదరాబాదు నుంచి జగన్మోహన్ అనే రసాయన నిపుణుణ్ణి పిలిపించాడు. కరిగిన బంగారాన్ని దుమ్ములోని కుంపటి బొగ్గు మళ్లీ పీల్చుకుంటోందనీ, ముందు దుమ్మును ఎర్రగా కాల్చమనీ ఆయన చెప్పాడు. కాల్చారు. తరుగు కొంత తగ్గింది గానీ పోలేదు.

“బొగ్గు మింగింది పోను మిగిలింది నువ్వే మింగినవ్,” అన్నాడు వెంకటనర్సయ్య.

ఆ అనుమానంతోనే బంగారపు పొడిని తానే వడకట్టేవాడు. వేరే గుడ్డ వాడడు. భుజం మీది తువ్వాలు పరిచి వడకట్టి, మళ్లీ భుజానే వేసుకునేవాడు.

“రేపు నాతోని కాళేశ్వరం నడువు. గోదాట్ల తడిబట్టలతోటి ఒట్టెయ్. లేకుంటే పనిల కెల్లి పో.”

“నడుండ్రి సేటూ. నాకేం భయం?”

వెంకటనర్సయ్య భార్య వనమాల సంచి సర్దుతూ గొణిగింది. “పోయినప్పుడల్ల కొత్త తువ్వాల కొనుడైతుంది. తరుగు దోషమైతే పోతలేదు.”

“పంతులు చెప్పినంక నువ్వు మాట్లాడకు.”

కాళేశ్వరంలో ప్రకాశ్ నడుములోతు నీళ్లలో నిలబడి, పిల్లల మీద ఒట్టేశాడు. వెంకటనర్సయ్య నమ్మలేదు. తానూ మూడు మునకలు వేసి, పంతులు చెప్పినట్టే పనిలో వాడిన తువ్వాలును దోషంతో సహా గోదావరిలో వదిలి గట్టెక్కాడు.

ఫోన్ మోగింది. జగన్మోహన్.

“ఒకటి అడగడం మరిచానండీ. పొడిని దేంతో వడకడుతున్నారు?”

“నా తువ్వాలతోటే సార్. పరాయోళ్ల చెయ్యి తగలనియ్య.”

“అయితే దొంగ దొరికినట్టే! సన్నపొడి ఆ నేతలో ఇరుక్కుంటుంది. ఉతక్కండి, దులపకండి. కాల్చి బూడిద కరిగిస్తే మీ బంగారం మీకొస్తుంది. తువ్వాలు భద్రంగా ఉంది కదా?”

వెంకటనర్సయ్య నది వైపు చూశాడు. మెట్ల మీద ప్రకాశ్ చొక్కా పిండుకుంటున్నాడు.

“ఒట్టేసినా నమ్మకుంటే మీ పని నాకొద్దు సేటూ. నేను పోత.”

“ప్రకాశ్ బిడ్డా, నీకు ఈతొస్తదా?”