పొదుగు దాచిన కర్రావు

మందుల పేరెత్తని ఆ సేంద్రియ పాకలో పుట్టినందుకు కర్రావుకి మహా గర్వం. పొదుగు వాచి సలుపుతున్నా, సూది పడితే పాక పేరు పోతుందని పంటి బిగువున ఓర్చుకుంది. పాలకొచ్చిన దూడని సైతం కాలితో నెట్టేసింది.

కర్రావు వీపు మీద ఈగలు ఏరుకునే గోరింకకి ఒళ్లు మండింది. "బిడ్డ ఆకలితో మాడుతుంటే పేరెందుకు అత్తా?" అని, తిన్నగా వెళ్లి పాక యజమాని సూరాంబ చుట్టూ తిరుగుతూ గోల పెట్టింది.

సూరాంబ గోరింక వెంట వచ్చి, కర్రావు పొదుగు తడిమి చూసి, ఆ పూటే పశువుల డాక్టరుతో సూది వేయించింది. "ఒళ్లు కుదుటపడేదాకా నీ పాలు అమ్మనులే, హాయిగా మేసి పడుకో" అంది.

పది రోజుల్లో వాపు తగ్గింది. దూడ కడుపునిండా తాగి, తోక పైకెత్తి దొడ్డంతా పరుగెత్తింది.

"మన పాక పేరేమైందే?" బెంగగా అడిగింది కర్రావు.

గోరింక దూడవైపు చూపించింది. "అదిగో, గంతులేస్తోంది."