మాదిరి ఇల్లు

"నా పాలగిన్నె ఈ నీటిచుక్కల కింద పెట్టిందెవరు?" అత్త గొంతు వంటింట్లో ఖంగుమంది.

"బకెట్ నిండా మీ బట్టలే నానుతున్నాయి. కారే నీళ్లని దోసిట్లో పట్టుకోమంటారా?" కోడలూ తగ్గలేదు.

"గిన్నె గొడవ ఆపండి! కారేది పైనుంచి." కొడుకు విసురుగా లేచాడు. "ఆ పైఇంటావిడ సంగతి ఇవాళ తేలుస్తా."

పైఇంటి తలుపు దబదబా బాదాడు.

చొక్కాలకు బొత్తాలు కుట్టి బతికే ఒంటరి మనిషి ఆవిడ. అందరూ బొత్తాలమ్మ అంటారు.

ఆవిడ వెనక గోడ ఉబ్బి, పెచ్చులు రాలుతున్నాయి. కిటికీకి అద్దం బదులు అట్టముక్క.

"సర్కారు ఇల్లేగా! ఆఫీసులో చెప్పి బాగుచేయించుకోవచ్చుగా?"

"కాస్త ఓర్చుకో బాబూ."

"మా వంటిల్లు మడుగవుతుంటే ఓర్చుకోవాలా? నీకు చెప్పడానికి బద్ధకం, మాకు ఖర్మా?"

"నన్నేమైనా అను. బాగుచేయించమని మాత్రం అడక్కు."

తలుపు మెల్లగా మూసుకుంది.

అతను నేరుగా హౌసింగ్ ఆఫీసుకెళ్లి ఫిర్యాదు చేశాడు.

దాంతో ఆఫీసుకు సాకు దొరికింది. ఇంటిని పాడుపెట్టిందని వారం తిరక్కుండా ఆవిడను ఖాళీ చేయించారు.

మూట భుజాన వేసుకుని, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా మెట్లు దిగిపోయింది.

"పీడా పోయింది," అంది అత్త.

పైన కొత్త గచ్చు, కొత్త రంగు, కొత్త అద్దాలు. కింద వంటిల్లు ఆరింది.

మరుసటి నెల అద్దె ఒకటిన్నర రెట్లయింది. ఆ ఒక్క ఇంటికి కాదు, బ్లాకు మొత్తానికీ.

అతను ఆఫీసులో బల్ల గుద్దాడు.

"మా ఇంట్లో ఒక్క మేకైనా కొట్టారా మీరు? దేనికి పెంచినట్టు?"

"మీ ఇల్లెవరు చూస్తారండీ?" గుమాస్తా తలెత్తలేదు. "బ్లాకుకో మాదిరి ఇల్లుంటుంది. అది ఎంత బాగుంటే అందరికీ అంత అద్దె. మీ బ్లాకుకు పైదే మాదిరి."

"మా గోడలు బీటలు వారాయి!"

"మాదిరిది వారలేదుగా."

"ఇదేం న్యాయం?"

"రూలు. మీ ఫిర్యాదు పుణ్యమే మరి." గుమాస్తా ఇంకో మాట కూడా చెప్పాడు.

అది విన్నాక అతను బల్ల మీంచి చెయ్యి తీసి ఇంటిదారి పట్టాడు.

రాత్రి భోజనాల దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"అంతంత అద్దె ఎక్కణ్ణుంచి తెస్తాం?" కోడలు పళ్లు కొరికింది. "వాళ్ల రూలు తగలెయ్య!"

"రేపట్నుంచి బొత్తాలమ్మను వెతుకుతాను," అన్నాడతను. "ఎక్కడున్నా తీసుకొస్తా. మనింట్లోనే ఉంటుంది."

"మతి పోయిందా?" అత్త చేతిలో గరిటె ఆగింది. "ఇంట్లో ఇంకో మనిషి చేరిందని తెలిస్తే అద్దె ఇంకా పెంచుతారు!"

"పెంచనీ!" కంచం పక్కకు నెట్టాడు. "ఆఫీసువాళ్లు ఏటా బాగుచేస్తామని వెళ్తే, 'నా గోడ బాగుపడితే కింద వాళ్లందరి అద్దె పెరుగుతుంది, నన్నిలాగే ఉండనివ్వండి' అని చేతులు జోడించి తిప్పి పంపేదటమ్మా ఆవిడ."