లోపలి పట్టీ

"నీ గిటార్ గొంతు పోయింది, ఆయతు భాయ్."

నాగరాజు గిటార్‌ను పనిబల్ల మీద పెట్టి, చొక్కాకు అంటిన బస్సు దుమ్ము దులుపుకున్నాడు. నగర్‌నార్ నుంచి గీదం దాకా నిలబడే వచ్చినట్టున్నాడు. ఆయతు చేతులతో చేసిచ్చిన ఆ గిటార్ పట్టుకెళ్ళి పదకొండు రోజులే అయింది.

చిత్రిక పడుతున్న ఆయతు చేయి ఆగింది. తెలుగు వినబడని ఆ గీదంలో, పదకొండు రోజులుగా కొట్టులో అతనితో తెలుగులో మాట్లాడిన మనిషి లేడు. వచ్చినవాళ్ళు తలుపుచెక్కలు అడిగారు, మంచంకోళ్ళు అడిగారు, వెళ్ళిపోయారు.

ఆయతు గిటార్ తీగ మీటి చూశాడు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"పైచెక్కకి టేకు వెయ్యమన్నాను. నువ్వే వినలేదు," అన్నాడు నాగరాజు.

"టేకు బరువు సార్. శబ్దాన్ని మింగుతది. గుమ్ముడు చెక్క తేలిక, మీటితే లేస్తది. అయిదు పలకలు తట్టి మీకే వినిపిచ్చిన గదా."

"ఆరు."

"అవును, ఆరు."

ఆ పలకలు తట్టిన ఆదివారం ఇద్దరికీ గుర్తొచ్చింది. చాయ్ మూడుసార్లు తెప్పించుకున్నారు. చివరి బస్సు తప్పబోయింది.

"అయితే పాలిషేనేమో."

"లక్క పాలిష్ అది. గుడ్డతోని పల్చగ రుద్దిన. వార్నిష్ కొడితే చెక్క బిగుసుకపోతది."

"పక్కలకి ఇరుగుడు చెక్క పచ్చిది వేశావా ఏంటి?"

"మూడేండ్లు ఆరబెట్టిన చెక్కను పచ్చిదంటరా!" ఆయతు గొంతు లేచింది. లేచిన గొంతు అతనికే హాయిగా అనిపించింది.

"ఇక మిగిలింది పైచెక్క కింద అంటించిన లోపలి పట్టీలు," అన్నాడు నాగరాజు మెల్లగా. "మరీ సన్నగా చెక్కావేమో."

"సన్నగుంటేనే పలక ఊగుతది. మందంగ పెడితే గిటార్ గాదు, పీట అయితది."

అన్నాడే గానీ ఆయతు గిటార్‌ను తన వైపుకు లాక్కున్నాడు. దాని రంధ్రాన్ని అరచేత్తో కప్పాడు.

"ఒకసారి లోపల చూడరాదూ?"

"చూస్త. పట్టీ ఊడితే మాత్రం పైచెక్క మొత్తం తియ్యాలె. నాలుగు నెలల పని."

"నాలుగు నెలలా?" నాగరాజు ముఖం విప్పారింది. వెంటనే సర్దుకున్నాడు. "తప్పుతుందా మరి. ప్రతి ఆదివారం వచ్చి దగ్గరుండి చూసుకుంటాను."

ఆయతు తీగలు వదులు చేశాడు. గుండ్రటి రంధ్రంలోంచి చిన్న అద్దం లోపలికి పోనిచ్చి, టార్చి వెలిగించాడు.

పెద్ద పట్టీ రెండు ముక్కలై ఉంది. విరిగింది కాదు. రంపపు బ్లేడుతో ఎవరో అడ్డంగా కోసినది. కోత తెల్లగా, కొత్తగా ఉంది. పొట్టు ఇంకా అక్కడే ఉంది.

తల తిప్పి చూశాడు. నాగరాజు రోడ్డు మీద పోయే జీపులను చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

ఆయతు మళ్ళీ అద్దంలోకి వంగాడు. వానలు పడగానే ఊడిపోయి ఈ మనిషిని తిరిగి కొట్టుకు రప్పిస్తుందని గిటార్ చేసేటప్పుడు తనే జిగురు సగమే పూసి అంటించిన చిన్న పట్టీ, ఆ కోత పక్కనే, ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది.